840 ఎముకలు, ఒక అస్థిపంజరం

[దృశ్యం: హైదరాబాద్ నౌబత్ పహాడ్, బిర్లా సైన్స్ మ్యూజియం. డైనోసార్ పాదం దగ్గర మొదలై కెమెరా మెల్లగా పైకి]

నమస్కారం. మీరు చూస్తున్న ఈ జంతువు పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరులోనే ఊరుంది, విన్నారా? పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి. ఆకులూ కొమ్మలూ మేసే ఈ డైనోసార్ ఎముకలు 1970ల చివర్లో అక్కడి 'కోటా' రాతిపొరల్లో దొరికాయి. జీఎస్ఐ, అంటే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, శాస్త్రవేత్త పి. యాదగిరి దీనికి పేరు పెట్టింది 1988లో. మధ్యలో పదేళ్ల దాకా గడిచిపోయాయి. ఎముక దొరికాక కూడా అంత కాలం ఎందుకు పడుతుందో ఈరోజు చూద్దాం.

[దృశ్యం: వాన వెలిసిన వాగు గట్టు, ఎర్రమట్టి]

వెతుకులాటకి వానలు పోయిన తర్వాతి రోజులు మంచివి. గట్లు కోసుకుపోయి, లోపలున్నది పైకి తేలుతుంది. చేతికి దొరికింది రాయో ఎముకో తేలకపోతే నాలుకకి ఆనించి చూసేవాళ్లున్నారు. ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి చాలాసార్లు నాలుకని పట్టుకుంటుంది. మామూలు రాయి అలా పట్టుకోదు.

దొరికిందని వెంటనే లాగేయకూడదు. ముందు నేలంతా తాళ్లతో గళ్లు కట్టి, ఏ ఎముక ఏ గడిలో, ఎంత లోతులో, ఏ దిక్కుకి తిరిగి ఉందో పటం గీస్తారు. యామన్‌పల్లిలో సుమారు 2,400 చదరపు మీటర్ల మేర 840 ఎముకలు చెల్లాచెదురుగా దొరికాయి. పొడుగాటి ఎముకలన్నీ ఒకే దిక్కుకి వాలి ఉంటే, ప్రవాహం ఎటు లాగిందో తెలుస్తుంది. ఎముకని పీకేశాక ఆ సంగతి ఇంకెవరూ చెప్పలేరు. మీ ఊరి గట్టు మీద ఇలాంటిది కనిపిస్తే పక్కన స్కేలో, చెప్పో పెట్టి ఫొటో తీయండి, చోటు గుర్తుపెట్టుకోండి, జీఎస్ఐకి కబురు చేయండి. ఎముకని మాత్రం కదపకండి.

[దృశ్యం: పిండికట్టు వేస్తున్న చేతులు, దగ్గరగా]

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. ఎముక రాయిగా మారింది కాబట్టి గట్టిగా ఉంటుందనుకుంటాం. నిజానికి ఒళ్లంతా పగుళ్లే. చుట్టూ ఉన్న మట్టే ఇన్నాళ్లూ దాన్ని పట్టుకుని ఉంది. ఆ మట్టి తీసేస్తే ముక్కలైపోతుంది. అందుకే పగుళ్లలోకి పల్చటి జిగురు ఇంకిస్తారు. చుట్టూ కాలవలా తవ్వుతారు, కింద కూడా కొంత తొలుస్తారు, అప్పుడది పుట్టగొడుగులా కాడ మీద నిలబడుతుంది. పైన తడి కాగితం పరుస్తారు, ప్లాస్టర్ నేరుగా ఎముకకి అంటకుండా. దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పేలికలు, పొర మీద పొర. చెయ్యి విరిగితే ఆసుపత్రిలో వేసే పిండికట్టు లాంటిదే ఇది. ఆరాక కాడ కోసి, నలుగురూ ఒక్కసారిగా తిరగేస్తారు. అందరూ ఊపిరి బిగబట్టే క్షణం అదే. కట్టు సరిగా పడకపోతే లోపలున్నదంతా జారిపోతుంది. తిరగబడ్డాక అడుగు భాగానికీ కట్టు వేసి, పైన నంబరూ, ఉత్తర దిక్కు బాణమూ రాస్తారు.

[దృశ్యం: ప్రయోగశాల బల్ల, దీపం, సూక్ష్మదర్శిని]

ఆ పదేళ్లలో పెద్ద భాగాన్ని మింగేది ఈ బల్లే. కట్టు కోసి తెరిచాక, గాలి ఒత్తిడితో అదిరే పెన్నులాంటి ఉలితో రాతిని పొడిపొడిగా రాలుస్తారు. ఎముక దగ్గర పడే కొద్దీ ఉలి పక్కన పెట్టి సూది పట్టుకుంటారు. తొడ ఎముక కాస్త నయం. వెన్నుపూసల రెక్కలు అప్పడంలా పల్చగా ఉంటాయి, ఒక్కో పూసకి వారాలు పట్టొచ్చు. చుట్టూ ఉన్నది సున్నపురాయి అయితే పల్చటి ఎసిటిక్ ఆమ్లంలో నానబెడతారు. సున్నం కరుగుతుంది, ఫాస్ఫేట్‌తో ఉన్న ఎముక చాలావరకు నిలుస్తుంది. అతకడానికి వాడే జిగురు ఎసిటోన్‌లో మళ్లీ కరిగేదై ఉండాలి. రేపెవరైనా మన అతుకు తప్పని తేలిస్తే విప్పగలగాలి కదా!

ఇదే కోటా పొరల్లో మిల్లీమీటర్ల సైజు క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. వాటికి ఉలి పనికిరాదు. మట్టి నానబెట్టి, సన్నటి జల్లెళ్లలో కడిగి, మిగిలిన ఇసుకని సూక్ష్మదర్శిని కింద గింజ గింజా ఏరాలి.

[దృశ్యం: మళ్లీ మ్యూజియం]

శుభ్రం చేశాక లెక్క మొదలవుతుంది. ఒక జంతువుకి ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. అవి మూడు దొరికితే కనీసం మూడు జంతువులున్నట్టే. ఇలాంటి లెక్కతోనే యామన్‌పల్లి ఎముకలు కనీసం 12 జంతువులవని తేలింది.

[దృశ్యం: కెమెరా మెడ వెంట పాకుతూ తల దగ్గర ఆగుతుంది]

అన్ని ఎముకల్లోనూ పుర్రె మాత్రం లేదు. డైనోసార్ల ఈ కుటుంబంలో తల చిన్నది, ఎముకలు పల్చన, మెడకి అంటిన పట్టు తక్కువ. నీటికి ముందుగా కొట్టుకుపోయేది అదే. కోటాసారస్ తలకి సంబంధించి వర్ణనలోకి ఎక్కినవి రెండే రెండు పళ్లు. ఈసారి మ్యూజియానికి వెళ్తే ఆ తల దగ్గర కాసేపు నిలబడండి. దాన్ని దగ్గరి బంధువుల పుర్రెలు చూసి ఊహించాల్సి వస్తుంది. అసలుది ప్రాణహిత పక్కన ఏ గట్టు లోపలో ఉండి ఉండొచ్చు.