నీకెలా తెలుసు?

వేదిక మీదున్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన విద్యార్థులందరికీ నమస్కారం.

ఈ హాల్లో బొమ్మలు వేసేవాళ్లున్నారు, శిల్పం చెక్కేవాళ్లున్నారు, పాడేవాళ్లు, కెమెరా పట్టుకునేవాళ్లు, రేపు పత్రికల్లో చేరాలనుకునేవాళ్లు ఉన్నారు. టైంటేబుల్లో రీసెర్చ్ మెథడాలజీ అన్న పేరు కనబడగానే మీలో చాలామందికి టెన్షన్ మొదలవుతుందని నాకు తెలుసు. శాంప్లింగ్ ఎన్ని రకాలో బట్టీపట్టి, పరీక్షలో రాసేసి, బయటికి రాగానే మర్చిపోతారు. ఇందులో మీ తప్పు లేదు. మీ చేతిలో ఉన్న పనికీ, ఈ పేపరుకీ సంబంధం ఏమిటో మేమే సరిగ్గా చెప్పలేదు.

అందుకే ఈరోజు నిర్వచనాల జోలికి పోను. ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. మీరొక మాట రాస్తారు. చదివినవాళ్లు ‘నీకెలా తెలుసు?’ అంటారు. దానికి మీ దగ్గరుండే జవాబే పరిశోధన పద్ధతి.

మన ఊరి సంగతితోనే మొదలుపెడతాను. తిరుపతిలో అన్నమయ్య పాట చెవిన పడకుండా తెల్లారదు. ‘ఈ కీర్తనకు అన్నమయ్య ఈ బాణీ కట్టాడు’ అని మీలో ఒకరు వ్యాసంలో రాశారనుకుందాం. నీకెలా తెలుసు? తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద పాట ఉంది, పాటకు రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు కూర్చినవి.

సరే, అన్నమయ్య పుట్టిన సంవత్సరం 1408 అంటాం. అదెలా తెలుసు? రేకు మీద 1408కి సరిపోయే సంవత్సరం చెక్కి లేదు. శక సంవత్సరం 1346, అంటే క్రీస్తుశకం 1424, అప్పటికి అన్నమాచార్యులకు పదహారేళ్లు అని ఉంది. అందులోంచి పదహారు తీసేస్తే 1408. ముప్పై రెండు వేల సంకీర్తనలన్న మాట ఎక్కడిది? మనవడు చిన తిరువేంగళనాథుడు తాతగారి చరిత్రగా రాసిన ద్విపద కావ్యంలోది. రేకుల మీద మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. అంతమాత్రాన మనవడు అబద్ధం చెప్పాడని కాదు. మిగతా రేకులు పోయి ఉండొచ్చు, ఆ సంఖ్య భక్తితో చెప్పింది అయ్యుండొచ్చు. మీరు చేయాల్సిందల్లా రేకు చెప్పేది, మనవడు చెప్పేది, మనం లెక్కకట్టింది, ఈ మూడింటినీ కలిపేయకుండా విడివిడిగా చూపించడం. చదివేవాళ్లు ఎంతవరకు నమ్మాలో వాళ్లే తేల్చుకుంటారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మీకు పనికొస్తుంది.

చదువుకునే రోజుల్లో శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల మీద చిన్న పరిశోధన మొదలుపెట్టాను. ప్రశ్నావళి తయారుచేసుకుని ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. ‘మీ పని మీకు తృప్తిగా ఉందా? ఒకటి నుంచి ఐదులో ఒక అంకెకు సున్నా చుట్టండి.’ పద్నాలుగు మంది ఆడవాళ్లు కూర్చుని చీరల మీద రంగు నింపుతున్నారు. పద్నాలుగు మందీ నాలుగుకే సున్నా చుట్టారు. ఒక్కరు కూడా మూడు అనలేదు, ఐదు అనలేదు. నాకు చాలా సంతోషమైంది. ఫలితం ఇంత స్పష్టంగా వచ్చిందే అనుకున్నాను. గ్రాఫ్ కూడా గీశాను.

రెండు నెలల తర్వాత స్వర్ణముఖి నది ఒడ్డున గుడ్డలు జాడిస్తూ అదే వర్క్‌షాపులోని పెద్దామె కనబడింది. పక్కన కూర్చుని మాటల్లో పెట్టి, ఆరోజు అందరూ నాలుగే ఎందుకు పెట్టారని అడిగాను. ఆమె నవ్వి, ‘యజమాని పక్కనే కూర్చోనుంటే ఇంకేం పెట్టాల పాపా?’ అంది.

ఆ రోజు నది దగ్గర ఆమె చెప్పిన సంగతులు నా పద్నాలుగు కాగితాల్లో ఎక్కడా లేవు. చీరకింత అని కూలి ఎలా కడతారు, వానాకాలంలో గుడ్డ ఆరక పని ఎన్నాళ్లు ఆగిపోతుంది, సాయంత్రానికి కళ్లు ఎలా మంటపెడతాయి, కూతురికి ఈ పని నేర్పాలా వద్దా అని ఇంట్లో జరిగే గొడవ. ప్రశ్నావళి చెడ్డదని కాదు. దాన్ని ఎవరి ముందు, ఎక్కడ, ఏ వేళప్పుడు ఇచ్చాం అన్నదాన్ని బట్టే జవాబు మారిపోతుంది. ఇప్పుడు నా విద్యార్థులు ఇంటర్వ్యూ రాసుకుని వస్తే మాటల కంటే ముందు నేనడిగేది ఇదే: ఆ గదిలో ఇంకెవరున్నారు? మీ నోట్సులో మొదటి వరుస అదే కావాలి. తేదీ, చోటు, ఎవరెవరున్నారు, మీరు ఎక్కడ కూర్చున్నారు.

ఇక బొమ్మలు వేసేవాళ్లు అడిగే ప్రశ్న. ‘మేడమ్, నేను చిత్రం వేస్తాను, అదే నా పని. మళ్లీ పరిశోధన ఎందుకు?’ ఇది న్యాయమైన ప్రశ్న. 1993లో ప్రచురించిన ఒక వ్యాసంలో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చెందిన క్రిస్టఫర్ ఫ్రేలింగ్ దీన్ని మూడుగా విడదీశారు: కళ గురించి చేసే పరిశోధన, కళ ద్వారా చేసేది, కళ కోసం చేసేది. కలంకారీ చరిత్ర రాస్తే అది మొదటిది. ద్రౌపది బొమ్మ వేయడానికి పాత తెరల్లో ఆమె కట్టూబొట్టూ ఎలా ఉన్నాయో వెతికితే మూడోదానికి దగ్గర. నాకు ముఖ్యమనిపించేది నడిమిది. మీరు పని చేస్తూనే, ఆ పని వల్లనే, అంతకు ముందు ఎవరూ రాసిపెట్టని సంగతి కనుక్కోవడం.

అదెలా ఉంటుందో చూద్దాం. కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసింలో కలం ముంచి గీస్తే గీత నల్లగా తేలుతుంది. ఆ నలుపు కసింలో సిద్ధంగా ఉన్నది కాదు. కరక్కాయలోని టానిన్ అనే పదార్థం, ఇనుము కలిసినప్పుడే పుడుతుంది. ఎరుపూ అంతే. పటిక నీళ్లు పూసినచోట ముందు ఏమీ కనబడదు, తర్వాత రంగునిచ్చే మొక్కల వేళ్లు వేసి ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పడుతుంది. ఆ తర్వాత పారే నీళ్లలో ఉతకాలి.

నదిలో నీళ్లు లేని రోజుల్లో బోరునీళ్లతో ఉతికితే రంగు తేడా వస్తుందని పనివాళ్లు అంటారు. మీకు అది తెలుసుకోవాలని ఉంది. ఒకే తానులోంచి రెండు ముక్కలు కత్తిరించండి. ఒకే కుండలోని కరక్కాయ నీళ్లు, ఒకే రోజు తీసిన కసిం, ఒకే చెయ్యి గీసిన గీత. ఉతికే నీళ్లొక్కటే వేరు. రెంటినీ ఒకే ఎండలో ఆరబెట్టి, ఒకే వెలుతురులో ఫోటో తీయండి. కసిం వేరు, గుడ్డ వేరు, ఎండ వేరు అయితే తేడా ఎందుకొచ్చిందో దేవుడికే తెలియాలి. ఒకసారి చేసి ఊరుకోకండి, మళ్లీ చేయండి. రోజూ పుస్తకంలో రాయండి, పాడైపోయిన ముక్కలు కూడా పారేయకుండా తేదీ వేసి అంటించండి. చివర్లో మీరు చూపించే చిత్రంతో పాటు ఆ పుస్తకం కూడా మీ థీసిస్సే. నా దృష్టిలో చాలాసార్లు చిత్రం కంటే ఆ పుస్తకానికే విలువ ఎక్కువ.

మీడియా విద్యార్థులకు రెండు మాటలు. ముందు జాతర సంగతి. మేలో గంగమ్మ జాతర రాగానే మీ ఫోన్లన్నీ వీధిలో ఉంటాయి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొకటి. చీరకట్టి, జడవేసి, పూలు పెట్టుకున్న మగవాళ్లు ఎదురవుతారు. ఇరవై సెకన్ల వీడియో తీసి పెట్టేస్తే లక్షమంది చూస్తారు. దాంట్లో ఏముంది? ఆ మనిషి వేషం కట్టాడని ఉంది. ఎందుకు కట్టాడో లేదు. బిడ్డకు జబ్బు తగ్గితే కడతానని మొక్కుకున్నాడా? వాళ్లింట్లో తాతల నాటి నుంచీ ఉందా? స్నేహితులు కట్టారని కట్టాడా? అడిగితే ఒకే వీధిలో మూడు రకాల జవాబులు వస్తాయి. మీ డాక్యుమెంటరీకి నప్పిన జవాబు ఒకటి ఉంచి, మిగతా రెండూ కత్తిరించకండి. ఆ మూడూ కలిస్తేనే జాతర.

అడగడానికంటే ముందు అనుమతి. కాగితం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోదు. ‘దీన్ని యూట్యూబ్‌లో పెడతాను, మీ ఆఫీసువాళ్లు, మీ అత్తగారి ఊరివాళ్లు కూడా చూడొచ్చు’ అని విడమరిచి చెప్పాలి. వద్దంటే వద్దు. పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగాలి, పిల్లలనూ అడగాలి. అమ్మవారి మొక్కు మీద ఉన్న మనిషిని ఆపి లైటింగ్ కోసం మళ్లీ నడవమనడం నాకు చాలా బాధ కలిగించే విషయం. దయచేసి ఆ పని చేయకండి.

రెండోది అంకెలు. ‘జిల్లా పేజీల్లో పల్లెల వార్తలు తగ్గిపోయాయి’ అని ఒకరు ప్రాజెక్టు తీసుకున్నారనుకోండి. పాత పత్రికలు, కొత్త పత్రికలు పక్కపక్కన పెట్టి కొలుస్తారు. మంచిదే. ఏ రోజులవి తీసుకోవాలి? ఒకే వారం తీసుకుంటే ఆ వారంలో బ్రహ్మోత్సవాలు ఉండొచ్చు, లెక్కంతా తిరుమల వైపు ఒరిగిపోతుంది. అందుకే ఒక నెలలో సోమవారం, ఇంకో నెలలో మంగళవారం, ఇలా ఏడు రోజులూ ఏడు చోట్ల నుంచి తెచ్చి ఒక వారం కడతారు. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఇద్దరి లెక్కా ఎంతవరకు కలిసిందో చూస్తారు.

అన్నీ సరిగ్గా చేసినా ఇక్కడ ఒక గొయ్యి ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరైంది. అంతకుముందు చిత్తూరు జిల్లా పేజీ అంటే శ్రీకాళహస్తి కూడా అందులోనే. అప్పుడు నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిత్తూరు అన్న పేరు ఒకటే అయినా కొలిచే నేల వేరు. 2011 జనాభా లెక్కల్లో చిత్తూరు జిల్లాకు 41 లక్షల 74 వేలు అని ఉంటుంది. ఆ అంకె తీసుకొచ్చి ఇప్పటి చిత్తూరు జిల్లాకు అతికించిన ప్రాజెక్టులు నేనే ఎన్నో దిద్దాను. అంకెలో తప్పు లేదు. అది ఏ చిత్తూరుదో అడగకపోవడమే తప్పు.

చదవడం గురించి ఎక్కువ చెప్పను. మీ అంశం మీద ఇదివరకు ఎవరేం చేశారో శోధగంగ వెబ్‌సైట్‌లో వెతకండి, దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్సులు ఉచితంగా దొరుకుతాయి. ఏఐని అడిగితే లేని పుస్తకాన్ని కూడా ఉన్నట్టు చెప్పేస్తుంది. మీరు చేత్తో తెరిచి చూడని పుస్తకం పేరు మీ పేజీలో రాయకండి.

మళ్లీ స్వర్ణముఖి దగ్గరికి వస్తాను. నేను రాసిన అధ్యాయం పట్టుకెళ్లి ఆ పెద్దామెకు చదివి వినిపించాను. అప్పటికే నా గైడు దాన్ని బాగుందన్నారు. రెండో పేజీలో ‘కసింను ఇన్ని రోజులు పులియబెట్టాలి’ అని ఒక అంకె వేసి ఉంది. ఆమె చేత్తో ఆపమంది. ‘రోజులు ఎవురు లెక్కపెడతారు పాపా? ఎండ ముదిరితే బిరీన అవతాది, చలికాలమైతే నిదానిస్తాది. కరక్కాయ గుడ్డ మీద గీత గీసి చూస్తాం, నలుపు ఎక్కితే అయినట్టు’ అంది. ఆ అంకె నేనొక పుస్తకంలోంచి ఎత్తి రాసింది. ఆ రాత్రి కూర్చుని ఆ పేజీ మొత్తం తిరిగి రాశాను.

రేపు ఉదయం ఆరున్నరకు బస్సు శ్రీకాళహస్తికి బయలుదేరుతుంది. తలా ఒక నోటుపుస్తకం, రెండు పెన్నులు తెచ్చుకోండి. మొదటి గంట ఎవరూ కెమెరా తీయొద్దు. పనివాళ్ల పక్కన కూర్చుని చూడండి, వాళ్లు ఖాళీ అయినప్పుడు మాట్లాడండి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కొక్కరూ ఒక్క వాక్యం చదవాలి. నేను ఒకటే అడుగుతాను, మీకెలా తెలుసని.