పుస్తకం ఒక్కరి చేతిలో ఉంటే

అందరికీ నమస్కారం. వచ్చినవాళ్లలో మహిళా పొదుపు సంఘాలు కలిసిన గ్రామ సంఘం లీడర్లు, సంఘాల పుస్తకాలు రాసే యానిమేటర్లే ఎక్కువ కాబట్టి నేరుగా డబ్బు సంగతికే వస్తాను.

మన సంఘాలకు అండగా ఉండే సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) 2000లో ఏర్పడింది. సంఘం పాటించాల్సిన పంచసూత్రాలు మనందరికీ నోటికి వచ్చు: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, పుస్తకాల నిర్వహణ. మొదటి నాలుగూ సభ్యులందరూ చేస్తారు. ఐదోది ఒక్కరికి అప్పజెప్పి ఊరుకుంటారు. చిక్కు అక్కడే.

డబ్బు పక్కదారి పట్టే తీరు చూడండి. సభ్యులు వాయిదా నగదుగా ఇస్తారు. పాస్‌బుక్కులో ఎక్కుతుంది, సంతకమూ పడుతుంది. బ్యాంకులో మాత్రం పడదు. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే పక్క సంఘం డబ్బు తెచ్చి సర్దుతారు. పాస్‌బుక్కు చూసుకున్నవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వాయిదా తప్పి వడ్డీ రాయితీ ఆగినప్పుడు గానీ విషయం బయటపడదు. 1995 మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టరైన సమాఖ్యలకు ఏటా ఆడిట్ ఉంది, నిజమే. ఆడిటర్ వచ్చేసరికి డబ్బు పోయి ఏడాదవుతుంది!

అందుకని నెలకోసారి సమావేశంలో పాస్‌బుక్కులు, నగదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టండి. ఒక్కొక్కరి పేరు, పొదుపు, వాయిదా గట్టిగా చదవాలి. చదువు రాని సభ్యురాలు కూడా విని ఔననో కాదనో చెప్పగలగాలి. వసూలైన మొత్తానికి బ్యాంకు చలానా సరిపోవాలి. చేతిలో ఉన్న నగదు అందరి ముందూ లెక్కపెట్టాలి.

తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టించుకునే అలవాటు మానండి. తీర్మానం అయిపోయినచోట గీత కొట్టి, దాని కిందే సంతకాలు తీసుకోండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎంత మంచి మనిషి దగ్గరైనా ఉంచకండి. లీడర్లు మారితే బ్యాంకులో సంతకందారులూ మారాలి. చాలాచోట్ల కాగితం మీద కొత్త అధ్యక్షురాలు, చెక్కు మీద పాత ఆవిడ.

ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని, అంటే పనుల లెక్కలను జనమే సరిచూడటాన్ని, గ్రామసభకు అప్పగించింది. మన రాష్ట్రంలో ఆ తనిఖీలు తేడాలను బాగానే పట్టాయి, రాబట్టింది మాత్రం తక్కువ. సంఘంలోనూ అంతే. తేడా దొరికితే "వచ్చే నెల కడతానంది" అని వదిలేయకుండా మొత్తం, గడువు, ఎవరు కట్టాలో తీర్మానంలో రాసి, నకలు గ్రామ సంఘాల పైన ఉండే మండల సమాఖ్యకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.