పాట, పాఠం, పోరాటం: మూడూ కలిపి ఒకే కెరీర్ అవుతుందా?

నమస్తే అండీ. "నాటకాలంటే ప్రాణం, పిల్లలకు పాఠం చెప్పడం ఇష్టం, కాలనీ సమస్యల మీద జనాన్ని కూడగట్టడమూ ఇష్టం, ఏ రూట్‌లో వెళ్లాలి?" అని బెంగళూరులో చదువుకునే మన పిల్లలు అడుగుతుంటారు. ఇంట్లోవాళ్లేమో ముందు ఉద్యోగం చూసుకో, మిగతావి ఆదివారాలు చేసుకో అంటారు. నన్నడిగితే, ఈ మూడింటినీ విడదీస్తేనే ఏదీ సరిగ్గా నడవదు.

నెల్లూరు సంగతే చూడండి. 1990ల మొదట్లో అక్కడ అక్షరదీపం పేరుతో అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. కళాజాతా దళాలు ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో జనాన్ని పోగేశాయి, రాత్రి బడులు మొదలయ్యాయి, వాచకంలో సారా మీద కూడా ఒక పాఠం పెట్టారు. చదివిన ఆడవాళ్లకు అది తమ ఇంటి కథే అనిపించింది. దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించారు, 1992లో అది జిల్లా దాటి ఉద్యమమైంది, 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించారు, 1995లో మొత్తం మద్యాన్నే. (తర్వాత రెండేళ్లకే సడలించారు లెండి, అది వేరే వీడియో.) పాట ఒక్కటే అయితే ఆ రాత్రితో అయిపోయేది. రోజూ వచ్చి కూర్చునే చోటు బడి ఇచ్చింది, నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చున్నాక మాట్లాడుకోకుండా ఉంటారా?

[స్క్రీన్ మీద: పౌరకార్మికుల కాలనీ, సాయంత్రం]

ఇక బెంగళూరు. ఇక్కడ వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలా కుటుంబాలు తెలుగువే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. అలాంటి కాలనీలో ఒక చిన్న నాటిక వేశారనుకోండి. బడి మీటింగ్, హెచ్ఎం గబగబా ఏదో చదివేస్తాడు, రిజిస్టర్ ముందుకు తోస్తాడు, అమ్మ ఏం రాశారని అడగబోయి, అందరూ చూస్తున్నారని ఆగిపోయి, సంతకం పెట్టేస్తుంది. అక్కడ నాటిక ఆపి "మీరైతే ఏం చేస్తారు?" అని జనాన్ని అడగాలి. ముందు నవ్వులు, తర్వాత ఎవరో ఒకామె కొంగు దోపుకుని లేచి వచ్చి, ఆ అమ్మ స్థానంలో నిలబడి, "చదివి వినిపించండి సార్, తర్వాతే సంతకం" అంటుంది. దీన్నే ఫోరమ్ థియేటర్ అంటారు, బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోల్ 1970లలో రూపుదిద్దిన పద్ధతి. నడిపించేవాళ్లకు ఒకటే కష్టం, జవాబు మన నోటి నుంచి రాకూడదు. స్టేజీ అలవాటున్నవాళ్లకు నోరు మెదపకుండా ఉండటమంటే మాటలు కాదు.

ఆమె అడిగింది ఉత్త డైలాగ్ కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. కర్ణాటకలో దాన్ని ఎస్‌డీఎంసీ అంటారు. నాటిక అయ్యాక ఆ రూలు చదివి చెబితే అదే పాఠం, వచ్చే మీటింగ్‌కు పది మంది తల్లులు కలిసి వెళితే అదే సంఘం.

డబ్బు మాట కూడా చెప్పుకుందాం, లేకపోతే అమ్మానాన్నలు ఈ వీడియో ఆపేస్తారు. ఒక్క చోట నుంచే జీతం రావడం అరుదు. ప్రైవేటు స్కూల్లో డ్రామా క్లాసులు, విద్యా సంస్థలో ఫీల్డ్ ఉద్యోగం, మధ్యలో వర్క్‌షాపులు, ఇలా కలుపుకుంటూ పోవాలి. బెంగళూరులోనే ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళా ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇస్తుంది, కర్ణాటక ప్రభుత్వ బడుల టీచర్లతోనూ పని చేసింది. చదువు కావాలంటే అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎడ్యుకేషన్, డెవలప్‌మెంట్ ఎంఏలు ఉన్నాయి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బూ ఉంది, కానీ వాళ్లకు ఫొటోలు, లెక్కలు కావాలి. పిల్లల వర్క్‌షాపుకు ఇస్తారు, ఆ పిల్లల తల్లులు వార్డ్ ఆఫీసు ముందు కూర్చుంటే మొహం చాటేస్తారు. అందుకే సంఘం ఖర్చు, టీ బిస్కెట్లతో సహా, కాలనీవాళ్ల చందాలతోనే నడవాలని నా పట్టుదల.

కొత్తవాళ్లు మొదటి వారమే స్క్రిప్టు పట్టుకుని దిగిపోతారు. వద్దు. ఒక కాలనీ ఎంచుకుని, ఒక పిల్లాడి హోంవర్క్‌తో మొదలుపెట్టండి, మీటింగ్‌లో వెనక బెంచీలో కూర్చుని వినండి. కన్నడ రాకపోతే అది ముందు నేర్చుకోండి, హెచ్ఎం గబగబా చదివేది అందులోనే కదా.