ముఖం గీసినవాడి పేరు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకుంటూ పోతే నాకిచ్చిన టైమ్ కాస్తా అయిపోతుంది, మన్నించాలి.

చైనా పండిత చిత్రకళ, అంటే వృత్తి చిత్రకారులు కాక చదువుకున్నవాళ్లు గీసిన బొమ్మలు, అనగానే మనవాళ్లు ఒక మాట అప్పజెబుతారు. పోలికను బట్టి బొమ్మను అంచనా కట్టేది పసివాళ్ల బుద్ధి అని 11వ శతాబ్దపు కవి సు షి అన్నాడట. అన్నాడు, కాదనను. ఆ సు షియే ఇంకోచోట రాసింది మాత్రం ఎవరూ ఎత్తరు. దీపం వెలుగులో తన చెంప నీడ గోడ మీద పడితే, ఒకరిచేత దాన్ని గీయించాడు. కళ్లు లేవు, కనుబొమలు లేవు. చూసినవాళ్లంతా ఇతనేనని గుర్తుపట్టి పక్కున నవ్వారు. పోలికతో పనిలేదనుకున్న మనిషి చేసే పనేనా అది? కళ్ల తర్వాత మనిషి ఆనవాలంతా చెంప ఎముకల్లోనే ఉందని ఆయన లెక్క.

14వ శతాబ్దంలో వాంగ్ యి అనే చిత్రకారుడు మనిషి పోలిక పట్టే ఈ పనితనాన్ని రాసిపెట్టాడు. మనిషిని మట్టిబొమ్మలా కూర్చోబెట్టి గీయొద్దంటాడు. మాటల్లో పడి ఉన్నప్పుడు గమనించి, కళ్లు మూసినా ముఖం కనపడేదాకా మనసులో నిలుపుకోవాలి. అప్పుడు పలచని సిరాతో ముందు ముక్కుపుటాలు, తర్వాత ముక్కు కొన. మిగతా ముఖానికంతటికీ అదే ఆధారం. ముక్కు మొదలు ఎత్తుగా ఉంటే గీతను కనుబొమల నడిమి నుంచి దించాలి, పల్లంగా ఉంటే కంటిగుంత అంచు నుంచి. ఆపైన ముక్కు కింది గాడి, నోరు, కంటిగుంతలు, కళ్లు, కనుబొమలు, నుదురు, చెంపలు, జుట్టు అంచు, చెవులు, జుట్టు, తల. ముఖం చుట్టు గీత అన్నిటికన్నా చివర. మళ్లీ చెబుతున్నా, చివర!

కొత్తవాళ్లు ముందే గుడ్డులా చుట్టు గీసేస్తారు. ఇక కళ్లూ ముక్కూ అందులో ఇరుక్కోవాల్సిందే. ముక్కు వెంట్రుకవాసి జరిగితే నోరూ చెంపా దాని వెంటే జరుగుతాయి, దవడకు చోటు చాలదు. ఈ బొమ్మలు గీసే పట్టుగుడ్డ మీద సిరా గీతను చెరపలేం కదండీ.

రంగు సంగతి కొంచెం. మనుషుల బొమ్మలకు పేరుపడ్డ జెంగ్ జింగ్ (1564–1647) ముందు సిరాతోనే ముఖంలోని ఎత్తుపల్లాలు కట్టి, వాటి మీద పదుల కొద్దీ పలచని పూతలు వేసేవాడు. 1616లో ఆయన గీసిన, పాతికేళ్ల చిత్రకారుడు వాంగ్ షిమిన్ బొమ్మ చైనాలోని తియాన్‌జిన్ మ్యూజియంలో ఉంది. బట్టలను కాసిని గీతలతో సరిపెట్టి, శ్రమంతా ముఖం మీదే పెట్టాడు. పూత ఆరకముందే ఇంకోటి వేస్తే కింది రంగు లేచి మరక కడుతుంది. పట్టుకు పట్టించే జిగురులో పటిక తక్కువైతే రంగు పాకుతుంది, ఎక్కువైతే కుంచె సాగదు, పోనుపోను పట్టు పెళుసెక్కుతుంది.

ఇంత పని చేసినవాడి పేరు ఎక్కడండీ? నా బాధల్లా ఇదే. బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో యాంగ్ జూషీ అనే పెద్దమనిషి రూపచిత్రం ఉంది, 1363 నాటిది. మనిషిని గీసింది ఇందాకటి వాంగ్ యి, పక్కన దేవదారు చెట్టూ రాళ్లూ చేర్చింది పేరుమోసిన పండిత చిత్రకారుడు నీ జాన్. మనవాళ్ల నోట వచ్చేది మాత్రం నీ జాన్ పేరే. ఆయనేమో ఆ బొమ్మ మీద స్వయంగా రాశాడు: గీసింది వాంగ్ యి, తాను చెట్టూ రాళ్లూ చేర్చానని. ఆయనకు లేని భేషజం మనకెందుకు? మీలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, స్లైడ్లు తయారుచేసేవాళ్లున్నారు. ఈసారి ఈ బొమ్మ పెట్టినప్పుడు కింద రెండు పేర్లూ వేయండి, వాంగ్ యిది ముందు.