తూర్పుకు తిరిగిన రాళ్లు

శ్రోతలకు నమస్కారం. యూదుల ప్రార్థనా మందిరాన్ని సినగాగ్ అంటారు. మన గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తెలుగు మాట్లాడే యూదుల చిన్న సినగాగ్ ఒకటి ఉంది. ఈరోజు మాత్రం మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. జర్మనీలోని డ్రెస్డెన్‌కు, ఎల్బే నది పక్కన 2001లో ప్రారంభమైన సినగాగ్ దగ్గరికి.

దూరం నుంచి చూస్తే అదొక పెద్ద రాతి పెట్టె. గోపురం లేదు, చెప్పుకోదగ్గ కిటికీలు కూడా లేవు. ఇది ప్రార్థన చేసుకునే చోటేనా అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి, గోడ మూల దగ్గర నిలబడి, కింది నుంచి పైదాకా చూడాలి. ఆ మూల నిటారుగా ఉండదు. మెలి తిరుగుతూ పైకి పోతుంది.

యూదులు జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తారు. డ్రెస్డెన్‌లో అంటే తూర్పుకు. దొరికిన స్థలమేమో సన్నగా, దిక్కుకు కాస్త పక్కగా ఉంది. ఇలాంటి చిక్కు వస్తే మనమైతే గుమ్మం మారుస్తాం, లేదా లోపలి గోడ జరుపుతాం. ఈ సినగాగ్‌కు నమూనా గీసిన ఆర్కిటెక్ట్‌లు, అంటే వాండెల్ హోఫర్ లోర్ష్ బృందం, వారితో పనిచేసిన నికోలాస్ హిర్ష్, గోడనే తిప్పారు. పునాది స్థలాన్ని బట్టి వేసి, ఇసుకరాయి రంగు కాంక్రీటు దిమ్మెలను ఒక్కో వరసా కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ పేర్చారు. మొత్తం 34 వరసలు. పైకి చేరేసరికి కట్టడం తూర్పుకు తిరిగింది. రాయి కూడా మెల్లగా ప్రార్థనకు సిద్ధమైనట్టు ఉంటుంది నాకు.

లోపలికి వెళ్తే ఇంకో ఆశ్చర్యం. పై నుంచి ఇత్తడి రంగు లోహపు వల ఒకటి తెరలా నాలుగు వైపులా దిగుతుంది. బెంచీలు, యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చదివే వేదిక, అన్నీ దాని లోపలే. రాతి గోడల మధ్య ఒక గుడారం! బైబిల్ తెలిసినవారికి నిర్గమకాండంలోని ప్రత్యక్ష గుడారం గుర్తొస్తుంది. మోషే కాలంలో ఎడారిలో ఎక్కడ ఆగితే అక్కడ వేసుకుని, బయల్దేరేటప్పుడు విప్పి మోసుకెళ్లింది. తర్వాత సొలొమోను జెరూసలేంలో రాతితో ఆలయం కట్టించాడు. అది కూలింది. దాని తర్వాత కట్టిన రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు నాశనం చేశారు. ఇక్కడే ఉండిపోవాలన్న కోరిక రాయిది, ఎప్పుడు లేచి వెళ్లాల్సి వస్తుందోనన్న జ్ఞాపకం గుడారానిది. జర్మనీలో బతికే యూదులకు ఈ రెండూ నిజాలే.

ఎందుకంటే అక్కడ అంతకుముందు ఒక సినగాగ్ ఉండేది. ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ గాట్‌ఫ్రీడ్ జెంపర్ గీసిన నమూనాతో 1840లో పూర్తయింది. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు దాన్ని తగలబెట్టారు. జర్మనీ అంతటా యూదుల దుకాణాల అద్దాలు పగిలి వీధుల్లో పడ్డ రాత్రి అది. సరిగ్గా 63 ఏళ్లకు, అదే నవంబరు 9న, కొత్తది ప్రారంభించారు.

అదే ఊళ్లో యుద్ధంలో కూలిన ఫ్రావెన్‌కిర్షె చర్చిని ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ కట్టారు. సినగాగ్‌ను మాత్రం పాతదానికి నకలుగా కట్టలేదు. అది సరైన నిర్ణయమని నా నమ్మకం. నకలు కట్టి ఉంటే, మధ్యలో ఏమీ జరగనట్టే ఉండేది. ఇప్పుడు ముందున్న ఖాళీ ఆవరణలో పాత సినగాగ్ గోడలు ఎక్కడెక్కడ ఉండేవో ఆ గీతల వెంట పగిలిన గాజు పరిచారు. ఆ చోట మళ్లీ ఏమీ కట్టలేదు.

పాతదానిలో మిగిలిన వస్తువు ఒకటుంది. మంటల రాత్రి తర్వాత ఆల్‌ఫ్రెడ్ నాయ్‌గెబవర్ అనే ఫైర్‌మన్ శిఖరం మీది దావీదు నక్షత్రాన్ని, అంటే యూదుల గుర్తైన ఆరు మూలల నక్షత్రాన్ని, దాచిపెట్టాడు. నాజీలు పోయి, యుద్ధం ముగిశాక, 1949లో దాన్ని యూదులకు అప్పగించాడు. ఆ నక్షత్రం ఇప్పుడు కొత్త సినగాగ్ గుమ్మం పైన ఉంది. ప్రార్థనకు వచ్చేవాళ్లు దాని కిందుగానే లోపలికి వెళ్తారు.