వాచీ వెనక ఆకుపచ్చ దీపం

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున విజయవాడ మున్సిపల్ స్టేడియంలోనో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో నడిచేవాళ్ల చేతులు చూడండి. ఇద్దరిలో ఒకరి చేతికి స్మార్ట్ వాచీ ఉన్నట్టే అనిపిస్తుంది. అడుగులు, నిద్ర, ఆక్సిజన్, బీపీ, ఫోన్ కాల్స్... అట్టపెట్టె మీద చాంతాడంత జాబితా ఉంటుంది. అదంతా పక్కన పెడదాం. వాచీ విప్పి వెనక్కి తిప్పితే మిణుకుమిణుకుమంటూ ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. ఈ పూట ఆ దీపం సంగతి చెప్పుకుందాం.

అది నాడి చూసే దీపం. రక్తం ఎర్రగా ఎందుకుంటుంది? ఎరుపును వెనక్కి పంపేసి, ఆకుపచ్చను తనలోకి పీల్చుకుంటుంది కాబట్టి. గుండె ఒక్కసారి కొట్టుకోగానే మణికట్టు చర్మం కింద ఉన్న సన్నటి నాళాల్లోకి రక్తం పొంగుతుంది. రక్తం పెరిగితే ఆకుపచ్చ వెలుగు ఎక్కువగా ఇంకిపోతుంది, వెనక్కి తిరిగొచ్చేది తగ్గుతుంది. పొంగు తగ్గగానే మళ్లీ ఎక్కువ వెలుగు తిరిగొస్తుంది. దీపం పక్కనే చిన్న నల్లటి గళ్లుంటాయి. తిరిగొచ్చిన వెలుగు ఎంతో కొలిచేవి అవే. తగ్గింది, పెరిగింది, తగ్గింది, పెరిగింది... ఆ లెక్కే మీ వాచీ మీద 72 అనో, 80 అనో కనిపిస్తుంది.

అంటే వాచీ గుండె చప్పుడు వినడం లేదు. వెలుగును చూస్తోంది. ఈ ఒక్క మాట గుర్తుంటే, అంకె ఎప్పుడు తప్పుతుందో మీకే తెలిసిపోతుంది.

బెల్టు వదులుగా ఉంటే సందులోంచి ఎండ లోపలికి దూరుతుంది. చెయ్యి ఊగినప్పుడల్లా వాచీ జరుగుతుంది, జరిగినప్పుడల్లా వెలుగు మారుతుంది. ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. మీరు నిమిషానికి 110 అడుగులు వేస్తున్నారనుకోండి. చెయ్యి ఊపు కూడా అదే లయలో ఉంటుంది. వాచీ ఒక్కోసారి ఆ ఊపునే నాడి అనుకుని 110 చూపిస్తుంది. అసలు నాడి 90 దగ్గరే ఉండొచ్చు. నడిచినంతసేపూ నాడి అంకె, అడుగుల వేగం ఒక్కటిగానే ఉంటే అనుమానించండి.

సెన్సర్ మీద చెమట, కొబ్బరి నూనె జిడ్డు పేరుకున్నా తప్పే. ఏసీ గదిలో చేతులు చల్లబడితే చర్మానికి రక్తం తగ్గి అంకె రాదు. మణికట్టు మీద దట్టమైన పచ్చబొట్టు ఉంటే ఆ రంగే వెలుగును మింగేస్తుంది. గాజులు వేసుకునే ఆడవాళ్లు వాచీని గాజుల మధ్య ఇరికించకుండా రెండో చేతికి పెట్టుకోవడం మంచిది.

మరి ఎక్కడ కట్టాలి? చిటికెన వేలు వైపు మణికట్టు మీద ఉబ్బెత్తుగా ఒక ఎముక తగులుతుంది. దాని మీద కట్టకండి. ఎముక దాటి, మోచేతి వైపు ఒక వేలెడు పైకి జరపండి. అక్కడ కండ ఉంటుంది, వాచీ చదునుగా కూర్చుంటుంది. నడకకు బయల్దేరే ముందు ఒక బెజ్జం బిగించండి. ఇంటికొచ్చాక ఒక బెజ్జం వదలండి. రోజంతా బిగించి ఉంచితే చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది.

ఇప్పుడు వాచీని పరీక్షిద్దాం. కూర్చునే వినండి. ఒక అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి మొదట్లో, మణికట్టు పల్లంలో, రెండో చేతి చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. బొటనవేలు వద్దు, దానికి సొంత నాడి ఉంది, లెక్క కలిసిపోతుంది. దొరికిందా? ఇప్పుడు పదిహేను సెకన్లు నేను మాట్లాడను. మీరు లెక్కపెట్టండి.

(15 సెకన్ల విరామం)

ఆపండి. వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చవేయండి. 18 వస్తే 72. ఇప్పుడు వాచీ చూడండి. నాలుగైదు తేడా ఉంటే భయపడక్కర్లేదు, మన లెక్కలో ఒక్క దెబ్బ తప్పినా నాలుగై కూర్చుంటుంది. ఇంట్లో మాత్రం 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య మామూలు. తేడా పదికి పైగా ఉంటే వాచీని తుడిచి, పైకి జరిపి, మళ్లీ చూడండి. అప్పటికీ కలవకపోతే మీ వేళ్లనే నమ్మండి.

ఇంకో పరీక్ష ఉంది. తువ్వాలును గట్టిగా చుట్టి, వాచీని దానికి కట్టండి. చాలా చౌక వాచీలు తువ్వాలుకు కూడా నాడి చూపిస్తాయి. అలాంటి వాచీ చెప్పే బీపీని చూసి మాత్రలు మార్చుకోవడం ప్రమాదం. చేతికి గాలిపట్టీ చుట్టి కొలిచే బీపీ మిషనే బీపీ మిషన్. షుగరు విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. సూది గుచ్చకుండా షుగరు చెబుతామనే వాచీలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇన్సులిన్ తీసుకునేవారు అలాంటి అంకె చూసి మోతాదు మార్చితే ప్రాణం మీదికొస్తుంది. దండచేతికి అతికించుకునే షుగరు సెన్సర్లు వేరు. వాటికి చర్మం కిందికి వెళ్లే సన్నటి తీగ ఉంటుంది.

ఈసీజీ ఉన్న వాచీలు కొన్ని గుండె లయ తప్పడాన్ని బాగానే పసిగడతాయి. కానీ గుండెపోటును అవి పట్టలేవు. ఛాతీలో నొప్పి, చెమటలు వచ్చినప్పుడు వాచీ "మామూలే" అన్నా 108కి ఫోన్ చేయండి.

అడుగుల లెక్క గురించి ఒక్కమాట. అది చెయ్యి ఊపును బట్టే లెక్కిస్తుంది. ఇంద్రకీలాద్రి మెట్లు పక్క కమ్మీ పట్టుకుని ఎక్కితే సగం మెట్లు లెక్కలోకి రాకపోవచ్చు. వాచీ లెక్కించకపోయినా మీ కాళ్లు ఎక్కినట్టే.

మన రెండు ఊళ్లలోనూ అమెరికా పిల్లలు అమ్మానాన్నలకు వాచీలు పంపుతుంటారు, పడిపోతే ఫోన్ వెళ్తుందని. ఎంతో ప్రేమతో పంపేదే, పనికొచ్చేదే. కానీ సిమ్ లేని వాచీ, చాలావరకు ఫోన్ దగ్గరుంటేనే కబురు పంపగలదు. ఫోన్ హాల్లో ఛార్జింగులో ఉండి, పెద్దాయన పెరట్లో బాత్రూంలో జారిపడితే మధ్యలో గోడలకే బ్లూటూత్ తెగిపోవచ్చు. అందుకే స్నానానికి వెళ్లేటప్పుడు ఫోన్ ఆ తలుపు బయటే పెట్టుకోవాలి. అత్యవసర నంబర్లలో అమెరికా నంబరు ఒక్కటే ఉంటే, ఇక్కడ మధ్యాహ్నం పడినప్పుడు అక్కడ అర్ధరాత్రి అవుతుంది, ఫోన్ సైలెంటులో ఉంటుంది. ఈ సాయంత్రమే ఆ జాబితా తెరిచి, మొదట ఎదురింటి వాళ్ల నంబరు, తర్వాత ఊళ్లో ఉన్న చుట్టం నంబరు చేర్చండి. ఆ తర్వాత పిల్లలది.