"మీ ఒక్కరికే ఈ సమస్య": ప్రభుత్వం మీద నమ్మకం ఎక్కడ పోతుంది?

[తెర మీద: చీకటి పడ్డాక ఓ చిన్న పోస్టాఫీసు. కంప్యూటర్ వెలుతురు తప్ప ఇంకే లైటూ లేదు.]

బ్రిటన్‌లో 1999లో పోస్టాఫీసులకు హొరైజన్ అనే కొత్త కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. కౌంటర్ మూశాక పోస్టాఫీసు నడిపేవాళ్లు రోజు లెక్క చూసుకుంటే డబ్బు తక్కువ చూపిస్తోంది. మళ్లీ కూడారు, మళ్లీ తక్కువే. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలామందికి ఒకే జవాబు వచ్చింది: "ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది."

అది అబద్ధం. అవే ఫోన్లు దేశమంతా వెళ్తున్నాయి. లోటు మీరే కట్టాలని పోస్టాఫీసు సంస్థ అంది కాబట్టి వాళ్లు సొంత డబ్బు తెచ్చి కట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ పైన కేసులు. 900 మందికి పైగా దొంగలుగా ముద్రపడ్డారు, కొందరు జైలుకెళ్లారు. సాఫ్ట్‌వేర్‌లోనే లోపాలున్నాయని 2019లో కోర్టు తేల్చింది. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షల్ని రద్దు చేసేసరికి 2024 వచ్చింది.

కంప్యూటర్ తప్పు చేయడం ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఇది ప్రభుత్వ సంస్థ. తప్పు తనదని తెలిసే అవకాశం ఉండి కూడా, ఎదుటి మనిషిని దొంగను చేసింది. నమ్మకం పోయేది అక్కడ.

[తెర మీద: కిందికి జారే గీత. 1964, 1974, 1979.]

అమెరికాలో 1964లో, ప్రభుత్వం చాలావరకు సరైన పనే చేస్తుందని నూటికి 77 మంది నమ్మేవారు. 1970ల చివరికి ఆ సంఖ్య 30 కన్నా తగ్గింది. ఈ మధ్యలో వియత్నాం యుద్ధం ఉంది. బయటికి చెప్పినదొకటి, లోపల తెలిసినదొకటి అని 1971లో బయటపడ్డ రహస్య పత్రాలు చూపించాయి. తర్వాత వాటర్‌గేట్: ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో జరిగిన దొంగతనం. 1974లో అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దించింది ఆ దొంగతనం కన్నా, దాన్ని కప్పిపుచ్చడానికి ఆయన చేసిన ప్రయత్నమే.

అంతా సోషల్ మీడియా వల్లే అంటుంటారు. ఆజ్యం పోస్తుంది, నిజమే. కానీ ఈ గీత పడిపోయేటప్పటికి జనం చేతుల్లో సెల్‌ఫోన్లు కూడా లేవు. 2008 ఆర్థిక సంక్షోభం, నిలబెట్టుకోని ఎన్నికల హామీలు, అవినీతి... ఇవీ కారణాలే. అయితే నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది వేరే ఉంది: జనం చెబుతుంటే వినకపోవడం.

2023లో ఓఈసీడీ, అంటే ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి, 30 దేశాల్లో సర్వే చేసింది. తమ మాటకు ప్రభుత్వంలో విలువ ఉందనుకునేవాళ్లలో నూటికి 69 మంది ప్రభుత్వాన్ని నమ్ముతున్నారు. విలువ లేదనుకునేవాళ్లలో 22 మందే. ఈ తేడా చూడండి.

[తెర మీద: కుళాయి కింద పెట్టిన గాజు గ్లాసు. నీళ్లు గోధుమ రంగులో ఉన్నాయి.]

అమెరికాలోనే ఫ్లింట్ అనే నగరం. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని తాగునీటిని నది నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. పైపులు తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లు సీసాల్లో పట్టుకుని సమావేశాలకు వెళ్లారు. నీళ్లు బాగానే ఉన్నాయన్నారు అధికారులు.

అదే ఏడాది అక్టోబరులో అక్కడి కార్ల ఇంజన్ల ఫ్యాక్టరీ ఆ నీళ్లు మాకొద్దంది. ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయి. వాళ్లకు వేరే నీళ్లు వచ్చాయి. ఇళ్లల్లో పిల్లలు మాత్రం ఇంకో ఏడాది ఆ నీళ్లే తాగారు. ఈ ఒక్క విషయం నాకు మింగుడుపడదు. ఇనుముకు పనికిరాని నీళ్లని తెలిశాక కూడా, తల్లుల మాట ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత పాత నీళ్లు తిరిగొచ్చాయి. పైపులు మార్చారు. పరీక్షల్లో సీసం పరిమితి లోపలే ఉందని వచ్చింది. అయినా ఫ్లింట్‌లో ఎంతోమంది తాగడానికి బాటిల్ నీళ్లే కొనుక్కుంటూ వచ్చారు. అధికారులు ఈసారి నిజమే చెబుతున్నారు.

[తెర మీద: అదే గ్లాసు. నీళ్లు తేటగా ఉన్నాయి. ఎవరూ తీసుకోలేదు.]